పాతర అన్న మాట

1999 మార్చి 9, మంగళవారం, ఉదయం పదిన్నర. పుంగనూరు, పాత సంత స్థలం. ఉన్నవారు: పాత కట్టడాలు, తవ్వకాలు చూసే అధికారి ఒకరు, అక్కడ అంగళ్ల సముదాయం కడుతున్న కుప్పం కాంట్రాక్టరు, మట్టి మోసే కూలీలు తొమ్మిది మంది, అర్జీ పెట్టినవాడిగా నేను.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఇన్నేళ్లకు మళ్లీ చదివినా నాకు కోపం తగ్గలేదు. అందుకని నెమ్మదిగా రాస్తానని మాట ఇవ్వలేను.

నేను సర్వేయరుగా రిటైరై మదనపల్లెలో ఉంటున్నాను. ఆ తేదీకి వారం ముందు సంత స్థలంలో పునాదులు తవ్వుతుంటే ఒక మూల నేల కుంగి, గుండ్రటి గుంట బయటపడిందని విని బస్సెక్కి వెళ్లి చూశాను. నోరు ఇరుకు, మనిషి దూరేంత. లోపల కుండలాగా వెడల్పు. గోడలకు ఎర్రమట్టి పూత, దానికి ఇంకా అంటుకుని ఉన్న గడ్డి. కుప్పం పల్లెల్లో గొలుసు పట్టుకుని తిరిగిన రోజుల్లో ఇలాంటివి ఇళ్ల ముందు చూశాను. రాగులు పోసి, పైన బండ పెట్టి, మట్టితో మెత్తేవారు. వానలు లేని ఏడు తీసుకుని తినేవారు. కానీ ఊరి నడుమ, అంత పెద్దది చూడటం అదే మొదలు. కాంక్రీటు పోసేలోగా తెలిసినవాళ్లెవరైనా దిగి, కొలిచి, బొమ్మ గీసి పెట్టాలని అర్జీ పెట్టాను. కట్టడం ఆపమని అడగలేదు. ఒక్క రోజు అడిగాను.

వచ్చిన అధికారి కోస్తా మనిషి. గట్టు మీదే నిలబడి, తట్ట దించుతున్న ఒక ముసలి కూలీని అడిగారు.

"ఏమిటమ్మా ఇది?"

"పాతర సార్."

"పాతరా! నీకెలా తెలుసు?"

"మా అవ్వోళ్ల ఇంటి ముందర ఉండ్లా? పాతర కాక బాయా ఇది? ఊరికే దిగేరు సార్, లోపల గాలి సెడ్డది. దీపం దింపి సూసి, అది ఆరకుంటేనే దిగాల."

"నేనెందుకు దిగుతాను!" అంటూ ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"సారు ప్యాంటు మాసిపోతాది లే అత్తా," అంది పక్కనున్న కూలీ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన పంచనామా రాశారు. 'పునాది తవ్వకములో పాతర ఒకటి బయటపడినది.' సరైన మాటే రాశారని సంతోషించి, సాక్షిగా సంతకం పెట్టాను. నా తప్పు అదే. ఆ మాటకు ఆయన ఏం అర్థం చెప్పుకున్నారో అడగాలని తోచలేదు.

హోటల్లో భోంచేసి తిరిగి వచ్చేసరికి గుంట చుట్టూ జనం. నోటి దగ్గర నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. కాంట్రాక్టరు ఎదురొచ్చాడు.

"ఏం పెద్దాయనా, శవాల మింద నాతో అంగళ్లు కట్టించాలని సూస్తాండావా? బాడుక్కు ఎవురొస్తారు?"

"శవాలని ఎవరు చెప్పారయ్యా?"

"సారు సెప్పినాడు. కింద సంతకం నీదే గదా!"

అప్పుడు తెలిసింది. ఆ అధికారికి పాతర అంటే ఒకటే అర్థం: కోపమొస్తే 'పాతరేస్తా' అంటారే, అది. మనుషుల్ని పూడ్చిన గోతి అనుకుని అదే అందరికీ చెప్పారు. అంతకంటే ఒళ్లు మండిన సంగతి ఇంకొకటి ఉంది. అక్కడ చేరిన వారిలో పాతర నుంచి రాగులు తీసిన ఇళ్లవాళ్లు లేకపోలేదు. ఆఫీసరు శవాలన్నాడనేసరికి, పుట్టినప్పటి నుంచి వాడుతున్న మాటను వాళ్లే నమ్మడం మానేశారు.

ఆయన జీపు దగ్గరికి వెళ్లాను.

"మాస్టారూ, ఆవేశపడకండి," అన్నారు.

"నేను మాస్టర్ని కాను, సర్వేయర్ని. అది రాగులు దాచుకునే గుంట. ఆమె తిండి మాట చెబితే మీరు చావు మాట రాసుకున్నారు."

"అలాగైతే ధాన్యం గుంట అనొచ్చుగా? పాతర అంటే ఎవరైనా ఏమనుకుంటారు?"

"దిగి చూస్తే ఏమీ అనుకోనవసరం లేదు సార్."

 ఆయన కాంట్రాక్టరును పిలిచి, రేపు తొమ్మిదికి మనిషిని దింపి కొలిపిస్తామని, అంతవరకూ ముట్టుకోవద్దని నా ఎదుటే చెప్పారు. "అట్లే కానీండి సార్," అన్నాడు అతను చేతులు కట్టుకుని. ఆ మాటలు డైరీలో ఉన్నవున్నట్టే రాసుకున్నాను.

మర్నాడు టేపు, గళ్ల కాగితాలు సంచిలో పెట్టుకుని మొదటి బస్సులో వెళ్లాను. ఎనిమిదికల్లా అక్కడున్నాను. గుంట లేదు. నోటి దాకా రాళ్లు, పైన సిమెంటు. సిమెంటు ఇంకా తడిగానే ఉంది.

"జనం బయపడతాండారని సారే పూడ్సేయమన్నాడు పెద్దాయనా. ఆయన తెల్లారే పూడ్సినాడు జీపులో," అన్నాడు కాంట్రాక్టరు. నాలుక తడబడి 'పోయినాడు'కు బదులు 'పూడ్సినాడు' అన్నాడు. దిద్దుకోలేదు. ఇద్దరిలో మాట తప్పింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. ఇద్దరూ కావచ్చు.

ఆ ముసలి కూలీ తొట్టి దగ్గర తట్ట కడుగుతోంది.

"పొద్దన్నే పిలిపించి మాతోనే పూడిపించినారు సార్. నేను పాతర అనకుండా ఉండాల్సిందేమో."

"నువ్వు సరిగ్గానే చెప్పావమ్మా. మీ అవ్వ ఇంటి ముందరిది ఎంత లోతు?"

"దానికేం, రెండాళ్ల లోతు ఉండ్లా!"

ఇటుకల మీద కూర్చుని రాసుకోవడం మొదలుపెట్టాను. అడుగున బూడిద చల్లేవారట. చుట్టూ గడ్డి పేనిన తాళ్లు వరసలుగా చుట్టేవారట. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదట.

"యాడమ్మా ఉండావు? మాటలకొచ్చినావా, పనికొచ్చినావా?" అని కాంట్రాక్టరు కేకేశాడు.

ఆమె తట్టెత్తుకుని వెళ్లిపోయింది. వెడల్పు ఎంతో అడగనేలేదు.