సెలైన్ సీసా పట్టుకున్న చెయ్యి

దుర్గి దాటాక రాళ్ళ బీడులో లారీ మమ్మల్ని దించేసింది. మే నెల, మధ్యాహ్నం మూడు. చెట్టు లేదు, నీడ లేదు. వరసగా గుడారాలు, ఒక నీళ్ళ ట్యాంకరు, ఒక జెండా కర్ర. తర్వాత నేను ఎడారిలోనూ మంచులోనూ ఉద్యోగం చేశాను. మొదటి పోస్టింగ్ ఎక్కడని ఎవరైనా అడిగితే మాత్రం ఈ బీడు పేరే చెప్తాను. నన్ను చంపాలని చూసిన మొదటి నేల అదే.

అప్పటికి నేను నరసరావుపేటలో డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీలో ఎన్‌సీసీ కేడెట్‌ని. ఈ క్యాంపు పూర్తి చేస్తేనే సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోనిస్తారు. అందులో మంచి గ్రేడు వస్తే రాతపరీక్ష లేకుండా నేరుగా సైన్యంలో ఆఫీసరు ఇంటర్వ్యూకి పిలుస్తారు. నాకు ఇంకో కోరిక లేదు.

మాకు శిక్షణ ఇచ్చే హవల్దారుని ఉస్తాద్ అనాలి. ఉత్తరాది మనిషి. గుడారాలు పంచేటప్పుడు మా ఊరి పేరు రెండుసార్లు వినబడేసరికి మురిసిపోయాడు. "ఒకే ఊరా? అయితే మీరిద్దరూ జోడీ," అన్నాడు హిందీలో. ఆ రెండోవాడు కోటేశు. వాళ్ళ నాన్న, నన్ను పెంచిన మా మేనమామకు ఎదురుపార్టీ. వాళ్ళ వీధిలో మేం అడుగుపెట్టం, మా వీధిలో వాళ్ళు పెట్టరు. ఆ సంగతి ఉస్తాద్‌కి చెప్పేంత హిందీ మా ఇద్దరికీ రాదు.

గుడారంలో రెండు గ్రౌండ్‌షీట్లు పరిచాం. కోటేశు తన ట్రంకుపెట్టెను మధ్యలో అడ్డంగా పెట్టాడు.

"ఇది దాటి ఇటు రామాక," అన్నాడు.

"నీ మొహం చూడ్డానికి రావాలా ఏంది," అన్నాను.

బయటివాళ్ళకు మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. ఊళ్ళో రెండు పార్టీలు కొట్టుకుంటే, కర్ర ఎత్తినవాడి పేరుతో సరిపెట్టరు. అవతలి ఇంట్లో చదువుకునే కుర్రాడెవడో చూసి వాణ్ణీ ఫిర్యాదులో ఇరికిస్తారు. ఖాళీగా తిరిగేవాడి మీద కేసు పెడితే వాడికి పోయేదేం లేదు. ఉద్యోగానికి వెళ్ళేవాడి మీద పెడితే పోలీసు విచారణలో వాడి పని అయిపోతుంది. అందుకే గొడవ వాసన తగలగానే చదువుకునే పిల్లల్ని బంధువుల ఊళ్ళకు తోలేస్తారు. ఆ ఎండాకాలం పొలాలకు వెళ్ళే డొంక దారి దగ్గర మాటామాటా పెరిగి ఉంది. నేను క్యాంపుకి బయల్దేరుతుంటే మామ సంతోషించాడు.

"మంచిదిరా. ఎవరికీ అందని చోట ఉంటావు. ఇది తేలిందాకా ఊళ్ళోకి రామాక."

కోటేశుకి వాళ్ళ నాన్నా ఇదే చెప్పి ఉంటాడు.

తెల్లారకముందే విజిల్. ఆరింటికి డ్రిల్లు. పదికల్లా రైఫిల్ ఇనుము చేతికి అంటుకునేంత కాలేది. జోడీలో ఎవడు తప్పు చేసినా శిక్ష ఇద్దరికీ. రైఫిల్ రెండు చేతులా తలపైకి ఎత్తి నిలబడాలి. కోటేశు కావాలని తప్పులు చేసేవాడని నా అనుమానం. నేను కావాలనే చేశాను. వాడి చేతులు నాకంటే ముందు వణకాలని చూసేవాణ్ణి. చానా మొండివాడు, వణికేవి కావు.

క్యాంపు సగంలో రూట్ మార్చ్ పెట్టారు. వీపున మూట, భుజాన రైఫిల్, నడుముకి ఒక్క నీళ్ళ సీసా. పదకొండు దాటాక నాకు చెమట ఆగిపోయింది. అది మంచి గుర్తు కాదని అప్పటికి తెలియదు. బాట తెల్లగా అయింది, పడిపోయాను. వెనకాల ఇంకా నలభైమంది కుర్రాళ్ళున్నారు, ఉస్తాద్ వాళ్ళను వదిలి రాలేడు. "జోడీ, వీణ్ణి తీసుకుపో," అన్నాడట. కోటేశు నన్ను వీపున వేసుకుని తారురోడ్డు దాకా మోశాడట. శిల్పాల రాయి వేసుకుని పోతున్న ట్రాక్టరుని ఆపి, నన్ను రాళ్ళ మధ్య పడుకోబెట్టాడట. ఇవి తర్వాత విన్నవి.

మాచర్ల రోడ్డులో చిన్న నర్సింగ్‌హోమ్. అక్కడి నుంచి నాకు ముక్కలుగా గుర్తుంది. స్టాండు ఖాళీగా లేక నర్సు సెలైన్ సీసాను కోటేశు చేతికిచ్చింది. వాడు ఎత్తి పట్టుకున్నాడు. కళ్ళు తెరిచినప్పుడల్లా ఆ చెయ్యి పైనే ఉంది.

సాయంత్రం క్యాంపుకి తిరిగొస్తే కమాండింగ్ ఆఫీసరు ఇద్దర్నీ పిలిచాడు. మా ఊరి పోలీసుస్టేషన్ నుంచి ఫోనొచ్చిందట. మిట్టమధ్యాహ్నం మా ఊరి డొంకలో తలలు పగిలాయి. రెండు పార్టీలూ ఫిర్యాదులిచ్చాయి. కోటేశు నాన్న ఇచ్చినదాంట్లో నా పేరుంది. మా మామ ఇచ్చినదాంట్లో కోటేశు పేరుంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

నాకు భయం లేదు. రోగిగా నా పేరు ఆసుపత్రిలో ఉంది. తోడొచ్చినవాడి పేరు ఎవరు రాసుకుంటారు? మార్చ్ నుంచి వెళ్ళాడని మాత్రమే ఉస్తాద్ చెప్పగలడు. నర్సుకి ఖాకీ బట్టల కుర్రాడని తప్ప మొహం గుర్తులేదు. మా ఊరు అక్కడికి గంట దూరం. మామ ఫోన్‌లో అదే పట్టుకున్నాడు.

"నిన్ను అక్కడ పడేసి ఊళ్ళోకొచ్చి కొట్టిపోయాడు. నువ్వు తెలివి తప్పి పడున్నావుగా, వాడెక్కడున్నాడో నీకేం తెలుసు? నోరు మూసుకుని కూర్చో."

"వాడు అక్కడే ఉన్నాడు మామా."

"ఎదురుపార్టీ వాడికి సాక్ష్యం చెప్తే మా గడప తొక్కమాక."

మర్నాడు స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సై నన్ను ఎగాదిగా చూశాడు.

"ఫిర్యాదిచ్చింది మీ మామే. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నాను సార్. వాడు నా పక్కనే ఉన్నాడు."

"స్పృహ లేనోడివి. ఎట్లా చెప్తావు?"

"నన్ను తిడతా ఉన్నాడు సార్. చెయ్యి దించకుండా తిట్టాడు. 'ఒరేయ్, చావమాకరా. నువ్వు చస్తే మీవోళ్ళు నా పేరే రాయిస్తారు' అన్నాడు."

ఎస్సై ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టే రాసుకున్నాడు.

నా పేరు కేసులోంచి త్వరగానే తీసేశారు. కోటేశు కొడుతుంటే చూశామని మామ ఇంకో ఇద్దరి చేత చెప్పించాడు. నేను బతికాను, అయినా మావాళ్ళు వాడి పేరే రాయించారు. వాడి పేరు కొట్టేసేసరికి ఇంటర్వ్యూ వయసు దాటిపోయింది. నాకంటే బాగా కవాతు చేసేవాడు, నాకంటే గట్టివాడు. సైన్యానికి దక్కాల్సిన ఆఫీసరుని మా మామ తినేశాడు. ఆ కోపం నాలో ఇంకా చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

పద్నాలుగేళ్ళ సర్వీసు ముగించుకుని, మా ఊరి దారిలో గురజాలలో బస్సు దిగాను. పురుగుమందుల కొట్టు ముందు కోటేశు నిలబడి ఉన్నాడు. తల నెరిసింది. నన్ను చూసి మొహం చిట్లించాడు.

"ఇంకా చావలేదా?"

"నువ్వేగా చావమాకన్నావు."

వాడు నవ్వలేదు. సంచి భుజానేసుకుని వెళ్ళిపోయాడు. నేనూ పిలవలేదు.

సైన్యంలో చానా చూశాను, చాలావరకు మర్చిపోయాను. ఇదొక్కటే పోదు. నర్సింగ్‌హోమ్ కిటికీలోంచి ఎండ పడుతూ ఉంటుంది. కోటేశు నా మొహం చూడటం ఇష్టం లేక గోడవైపు తిరిగి నిలబడతాడు. తలపైకెత్తిన చేతిలో సెలైన్ సీసా. ఉస్తాద్ ఎన్ని శిక్షలు వేసినా వణకని ఆ చెయ్యి, అప్పుడు వణుకుతూ ఉంటుంది. వాడు మాత్రం దించడు.