చివర గీసిన కళ్ళు

ఏక్‌బాల్‌పూర్‌లో అంటే బెంగాలీల మహానగరంలో ఓ పేటలో, మా నాన్న క్లినిక్ ఒకే గది. సగంలో మందుల బీరువా, సగంలో బొమ్మలు. నాన్న డాక్టరు, బొగ్గుతో మనుషుల ముఖాలు గీసేవారు. క్షయకి నెలల తరబడి మందు వాడాలి. జ్వరం తగ్గగానే చాలామంది రావడం మానేసేవారు. అందుకని నాన్న, వచ్చినప్పుడల్లా వాళ్ళ ముఖం కొంచెం కొంచెం గీసి, కళ్ళు మాత్రం చివరి సూదిమందు రోజుకి ఉంచేవారు. ఆ కళ్ళ కోసమైనా వచ్చేవారు.

కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే, శ్రీకాకుళం నుంచి వలసొచ్చిన మామ్మ ఒకావిడ మనవరాలిని తెచ్చేది. వానల్లో కూడా మానలేదు. బొమ్మలో ముక్కూ నోరూ జడలూ పూర్తయిన రోజున చూసి హడలిపోయింది.

"ఏటి బాబూ ఇది? మా గుంటకి కళ్ళేవి? పోతాదనా?"

"అవి చివర్న పెడతానమ్మా," అన్నారు నాన్న.

ఆమె వినలేదు. పిల్లను చంకనేసుకుని వెళ్ళిపోయింది. రెండు రోజులు రాలేదు. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని, తర్వాత ఈ మందే పనిచెయ్యదని నాన్నకి అన్నం సహించలేదు.

"నువ్వెళ్ళు. నన్ను చూస్తే తలుపేస్తుంది," అన్నారు నాతో.

చుట్టాలొస్తే పుస్తకం వెనక దాక్కునే దాన్ని నేను. చెప్పవలసిన మాటలు డైరీలో రాసుకుని వెళ్ళాను. గుమ్మంలో అన్నీ మర్చిపోయాను.

"డాక్టరుబాబు అంపినాడా? మూగదే దొరికిందేటి ఆయనకి?" అంది మామ్మ.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఎక్కడికే?" అంటూనే వచ్చింది. సందు చివర దసరా పూజలకి విగ్రహాలు చేసే షెడ్డు ఉంది. లోపల దుర్గ నిలబడి ఉంది. పది చేతులు, సింహం, పసుపు రంగు ముఖం, అన్నీ అయ్యాయి. కళ్ళ చోటు ఖాళీ.

మామ్మ తలెత్తి చూసింది. "ఇన్నేళ్ళనుండీ ఈ సందే తుడుస్తన్నాను. ఎప్పుడూ తలెత్తి సూణ్ణేదు. అమ్మోరికీ కళ్ళెట్టలేదా?"

"పూజలకి వారం ముందు, మహాలయ అమావాస్య రోజున పెడతారు." నేనన్న మొదటి మాట అదే.

"మరి మా గుంటకో?"

"ఇంకా పన్నెండు సూదులు."

మర్నాడే వచ్చింది. పన్నెండూ అయ్యాక నాన్న కళ్ళు గీశారు. మామ్మ బొమ్మని దూరంగా పట్టుకుని చూసింది. "ఎడంకన్ను కూసింత మెల్ల, బాబూ."

"రేపు తీసుకురా, సరిచేస్తాను."

"ఇంకెందుకొత్తాను? నయమైపోనాది కదా!"

నాన్న అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన గీసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ మా ఇంట్లో లేదు. మెల్లకన్నుతో వాళ్ళ గోడ మీదే ఉంది.