బాపు దిగేదాక కాల్చని రొట్టెలు

చిన్నప్పుడు మా ఇంట్ల... రొట్టెల పిండి పొంగాలంటే బాపు చెట్టు దిగాలె.

మాది చిన్నకోడూరు దగ్గర ఒక ఊరు. బాపు తాటిచెట్లు గీసేటోడు. పొద్దుగాల దించిన కల్లు ఒక గిలాసెడు పక్కకు పెట్టి, అమ్మ దాంతోనే మైదాపిండి తడిపేది. ఈస్టు అనే పేరు గూడ మాకు తెల్వదు. ఈ పని నేర్పింది మా మేనత్త. చాన ఏండ్లు బొంబాయిల ఎవరింట్లనో వంటపని చేసి, అక్కడ నేర్చుకొని వచ్చింది.

గుడ్డ కప్పి ఎండకు పెడితే... మధ్యాహ్నం వరకు పిండి గిన్నె నిండ లేసేది. అత్త దాన్ని అరచేతంత పొడుగు ఉండలు చేసేది. అడుగున ఇసుక పోసిన పెద్ద గంజుల వాటిని పెట్టి, మూత మీద నిప్పులు పోసి కాల్చేటోళ్లు. వేడివేడిగ మధ్యలకు కోసి ఆలుగడ్డ కూర, ఉల్లిగడ్డ పెట్టి ఇచ్చేది. అత్త వాటిని రోల్స్ అనేది. మాకు మాత్రం బొంబాయి రొట్టెలే...

అమ్మకు ఒకటే పట్టింపు. సాయంత్రం బాపు చెట్లన్ని దిగి ఇంటికొచ్చేదాక గంజు పొయ్యి మీదికి ఎక్కేది కాదు. ఎందుకని అడిగితే చెప్పేది కాదు.

ఒక ఎండకాలం ఆదివారం... పిండి తొందరగనే లేసింది. ఉండలు చేసుడు అయింది. నిప్పులు ఎర్రగ అయినయి. బాపు రాలే.

ఎండ ఒక్కసారే పోయింది. పడమటి దిక్కు నల్లగ కమ్ముకొచ్చింది. గాలి ఇంకా లేవలే... కోళ్లు మాత్రం పొద్దుండంగనే గంప కిందికి పోయినయి.

"పెట్టు వదినె, పులిసిపోతయ్," అన్నది అత్త.

"రానియ్."

"మా అన్న చెట్టు మీదనే కాపురం పెట్టినట్టుండు. నువ్వు గూడ గిన్నెలు సదురుకొని పో మరి."

వేరే రోజైతే అమ్మ నవ్వేది. ఆ రోజు నవ్వలే. ఆ పొద్దున ఆమె బాపు మోకును... అంటే చెట్టుకు, నడుముకు కలిపి వేసుకునే తాడును... చేతులకు తీసుకొని ఒకచోట బొటనవేలితోని రుద్ది రుద్ది చూసింది.

"ఈడ నార లేసింది, చూసినవా?"

"కొత్తది చెయ్యనిచ్చిన. అది వచ్చేదాక చెట్లు ఆగుతయా?" అని బాపు మోకు భుజానేసుకొని పోయిండు. ఒక్కపూట గీత తప్పినా చెట్టు అలుగుతదని ఆయన మాట.

గాలి లేసింది. తాటిమట్టలు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు ఇంటిదాక వినవడ్డది. బాపుతోని చెట్లెక్కే కిష్టయ్య కాక సైకిల్ మీద వచ్చి వాకిట్ల ఆగిండు.

"అన్న వచ్చిండా వదినె?"

"నీతోని లేడా?"

"నేను గాలి చూసి దిగిన. ఒక్క చెట్టే ఉన్నది, చూసుకొని వస్త అన్నడు..."

అమ్మ చేతులకున్న పిండి గూడ కడుక్కోలే. వనం దిక్కు ఉరికింది. ఆమె ఎనుక నేను.

వనం అంచున పొడుగు తాటిచెట్టు... సగం పైన బాపు చెట్టును కావలించుకొని ఉన్నడు. ఎక్కుతలేడు, దిగుతలేడు. గాలికి చెట్టు వంగితే మనిషి గూడ దాంతోనే వంగుతుండు. మోకు ఒక పేట తెగి గాలిల ఊగుతున్నది.

"బాపూ" అనబోయిన. అమ్మ నా నోరు మూసింది.

"పిలువకు. కిందికి చూస్తడు," అన్నది చెవుల.

అట్లనే నిలబడ్డం. కాక గూడ వచ్చి నిలబడ్డడు. ఆయన ఎక్కితే చెట్టు ఇంకా ఊగుతదట... పైనుంచి కల్లు లొట్టి ఒకటి పడి మా ముందలనే పలిగింది. కల్లు నురుగు మట్టిల ఇంకిపోయింది. అమ్మ దిక్కు చూసిన. ఆమె కన్నార్పుతలేదు.

గాలి కొంచెం తగ్గినంక బాపు కదిలిండు. పాదాలతోని చెట్టును తడుముకుంట, ఎద రాసుకుంట దిగిండు. నేల మీద నిలబడలేక కూసున్నడు. రొమ్ము, మోచేతులు తోలు లేసి ఎర్రగున్నయి. ఆయననే నన్ను చూసి,

"రొట్టెలు అయినయా బిడ్డా?" అన్నడు.

"గంజు పొయ్యి మీద పెట్టలే," అన్నది అమ్మ. అంతే.

ఇంటికొచ్చేవరకు ఉండలు పొంగి, మళ్ల దిగి, ఒకదానికొకటి అతుక్కున్నయి. అమ్మ అట్లనే కాల్చింది. అట్టముక్కల లెక్క, పుల్లగ... అందరం తిన్నం. అత్త గూడ ఏం ఎక్కిరించలే.

తెల్లారి బాపు అదే మోకుకు అతుకేసుకొని మళ్ల వనానికి పోయిండు. అమ్మ గిలాస కడిగి గడప పక్కకు పెట్టింది.

ఇప్పుడు నేను సిద్దిపేటల కిరాయి ఇంట్ల ఉంటున్న. ఈస్టు ప్యాకెట్ల దొరుకుతది. కుక్కర్ల ఉప్పు పోసి రోల్స్ కాలుస్త. "బేకరీల కన్న మంచిగున్నయ్, నలుగురికి అమ్మరాదా" అంటడు మా ఆయన. నాకు సిగ్గు. నా పిండి పొంగుడుకు ఇప్పుడు ఎవ్వరు చెట్టెక్కే పని లేదు...

బాపు మాత్రం ఇంకా ఎక్కుతుండు. మోకులు ఎన్నో మారినయి, మనిషి ఒక్కడే. ఇంక చాలు బాపు అంటే నవ్వుతడు. రోజూ పొద్దుగూకంగ అమ్మ ఫోన్ చేస్తది. మంచిగున్నవా అనదు, తిన్నవా అనదు. ముందు "దిగిండు" అంటది. తక్కిన ముచ్చటంత ఆ తర్వాతనే.

ఇయ్యాల ఈడ మబ్బు పట్టింది. కిటికీ రెక్క కొట్టుకుంటున్నది. ఉండలు చేసి పెట్టిన, స్టవ్ ఇంకా ముట్టియ్యలే. చీకటి పడ్డది... ఫోన్ రాలే. నేనే చేద్దామంటే చెయ్యి వస్తలేదు. ఊకె కూసోలేక ఇదంత రాసిన.

మీ ఇండ్లల్ల గూడ, ఎవరన్న ఇంటికొచ్చేదాక పొయ్యి మీదికి ఎక్కని వంట ఉండేదా... ఉంటే రాయండి. అమ్మ ఫోన్ వచ్చేదాక చదువుకుంట కూసుంట.