ఎంగిలి గొట్టం

ఇలా దగ్గరికి జరగండి. ఆ కుర్చీలెందుకు, చాప పరిచాను కదా, దాని మీదే కాళ్ళు చాపుకుని వినండి. ఈ పొద్దున మా ఇంట్లో ఒక వేడుక జరిగింది. మా వదినగారు, అంటే మా కోడలి తల్లి, నా వియ్యపురాలు, వంటింట్లో పీట వేసుకుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. తరిగితే వింతేముంది అంటారు. కళ్ళనీ ముక్కునీ కలిపి మూసేసే పెద్ద అద్దం ఒకటి, సముద్రంలో మునిగి చూసేవాళ్ళు పెట్టుకునేది, అది పెట్టుకుని తరుగుతున్నారు. ఉల్లి ఘాటు కంటికి తగలకుండా ఆవిడ కనిపెట్టిన ఉపాయం అది. ఎదురు ఫ్లాట్ ఆవిడ పాలలోకి తోడు అడుగుదామని గిన్నె పట్టుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "అయ్యో, ఏందమ్మా గిదేం వేషం! జరంత సేపు నా పానం ఆగినట్టయింది" అంది. మా వదినగారు అద్దం తియ్యకుండానే, ముక్కు మూసుకుపోయిన గొంతుతో, "వేషం కాదమ్మా, ఇది మా సముద్రం అద్దం" అన్నారు. ఆవిడ తోడు సంగతి మర్చిపోయి, "సముద్రమేంది, గా కథ జర చెప్పుండ్రి" అంటూ చతికిలబడింది. ఆవిడకి చెప్పిందే మీకూ చెప్తాను.

మాది పుప్పాలగూడలో తొమ్మిదో అంతస్తు. వంటింటి కిటికీలోంచి ఖాజాగూడ రాళ్ళగుట్టలు కొంచెం, కొత్తగా లేస్తున్న మేడలు చాలా కనిపిస్తాయి. ఏటికేడు గుట్టల వాటా తగ్గుతోంది. కొడుకూ కోడలూ ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలు. వాళ్ళ ఆఫీసులు మా బాల్కనీలోంచి కనిపిస్తాయి గానీ, పొద్దున పూట అక్కడికి చేరేసరికి ఇంట్లో పెట్టిన టిఫిన్ అరిగిపోతుంది. నేను గోదావరి సముద్రంలో కలిసే వైపు దాన్ని. చదువు అయిదో తరగతి దగ్గర ఆగింది. జ్ఞాపకం మాత్రం ఎక్కడా ఆగలేదు. వదినగారిది అనంతపురం జిల్లా, మబ్బు పడితే పిల్లలూ పెద్దలూ వీధిలోకి వచ్చి చూసే ఊరు. ఇద్దరికీ ఆయనలు లేరు. మనవరాలు పుట్టిందని చూడ్డానికి వచ్చి ఇద్దరమూ ఉండిపోయాం. మాకని ఉన్నది ఒక చిన్న గది, అందులో ఒక్క మంచం, మా అబ్బాయి ఇంటినుంచి పని చేసుకునే బల్ల. ఒకరు మంచం మీదా, ఒకరు హాల్లో సోఫా మీదా, వారం వారం వంతులు.

పడక దగ్గర పేచీ ఎప్పుడూ రాలేదు. పేచీ అంతా గరిటె దగ్గర. మా వదినగారికి ఎంగిలి పట్టింపు ఉంది. నీళ్ళు తాగితే చెంబు పైకెత్తి, పెదవికి తగలకుండా, చుక్క చీర మీద పడకుండా గొంతులోకి పోసుకుంటారు; చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆవిడ రాగిచెంబు ఆవిడదే, ఆవిడ గ్లాసు ఆవిడదే. నేను వచ్చిన కొత్తలో ఒకరోజు చింతపండు పులుసు మరుగుతుంటే ఉప్పు చూశాను. గరిటెతో అరచేతిలో వేసుకుని చూశానని నేనంటాను. గరిటె నోట పెట్టానని ఆవిడంటారు. "ఏమి వదినగారూ, నాకిన గరిటె మళ్ళా పులుసులో పెట్తిరే! పులుసు చట్టి అంతా ఎంగిలే గదా!" అన్నారు. "చేతిలో వేసుకున్నానండీ, నాకడమేమిటి!" అన్నాను. అంతే. ఆ పూటనుంచి మా ఇంట్లో రెండు గరిటెలు, రెండు పులుసులు, రెండు ఉప్పుడబ్బాలు. మాటలు మాత్రం వదినగారూ అంటే వదినగారూ అని బహు మర్యాదగానే నడిచాయి. అంత మర్యాద ఉన్న ఇంట్లో ఊపిరాడదని పిల్లలకి త్వరగానే తెలిసింది. మనవరాలు నోరు తెరిస్తే ఇటునుంచి నా ముద్ద, అటునుంచి ఆవిడ ముద్ద. పాపం అది నోరు మూసేసుకునేది.

ఒక ఆదివారం పొద్దున బట్టలు ఆరేస్తూ మా కోడలు మా అబ్బాయితో అంటోంది: "ఇలా అయితే కష్టం. ఇద్దర్లో ఒకరే ఉంటే ఇల్లు కుదురుగా ఉంటుంది. ఎవరో నువ్వే చెప్పు." వాడు, "నేనెలా చెప్తాను? ఆవిడ మీ అమ్మ, ఈవిడ మా అమ్మ. ముందు అండమాన్ వెళ్ళొద్దాం, అందరం. వచ్చాక మాట్లాడదాం" అన్నాడు. నేను కిటికీ ఇవతల కరివేపాకు దూస్తున్నాను. వెనక్కి తిరిగితే దేవుడి గూడు దగ్గర వదినగారు వత్తి పట్టుకుని కదలకుండా ఉన్నారు. ఆవిడా విన్నారు. ఒకరి మొహం ఒకరం చూసుకుని, చూసుకోనట్టు తిరిగిపోయాం. మనవరాలు తల నా తొడమీద పెట్టుకుని నిద్రపోయే బరువు తెలుసునా మీకు? అది లేకుండా ఊళ్ళో తాళం తీసి ఇంట్లోకి వెళ్ళడం ఎలాగా అన్నదే నా బెంగ. ఆవిడ బెంగా అదేనని అప్పుడు నాకు తోచలేదు.

ఇక ప్రయాణం సన్నాహం. అక్కడ స్నార్కెలింగ్ చేద్దామని మా కోడలు చెప్పింది. మా వదినగారికి అది స్నానకేళి అని వినిపించింది. తప్పేముంది, నాకూ అలాగే వినిపించింది. నదీస్నానం, సముద్రస్నానం విన్నాం, దీవుల్లో చేసేది స్నానకేళి కాబోలు అనుకున్నాం. ఏ రోజు పడితే ఆ రోజు సముద్రాన్ని ముట్టుకోకూడదు కదా, అది కార్తీక మాసం కావడం మంచిదైంది. ఆవిడ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, రాగిచెంబు సర్దారు. విమానాశ్రయంలో పెట్టె తనిఖీ చేసిన అమ్మాయి కొబ్బరికాయని అటూ ఇటూ తిప్పి చూస్తే, "స్నానకేళికి తల్లీ" అని ఆవిడే చెప్పారు. ఆ అమ్మాయి ఎందుకొచ్చిన గొడవ అన్నట్టు పెట్టె మూసేసింది.

విమానం దిగి, అక్కడినుంచి ఓడెక్కి ఒక చిన్న దీవికి వెళ్ళాం. ఆ ఒడ్డులకి వేరే పేర్లున్నాయి గానీ నాకు నోరు తిరగదు, నేను పెట్టుకున్న పేర్లే చెప్తాను. మొదటిది గుంటల రేవు. ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి పోతే, రాళ్ళ మధ్య గుంటల్లో సముద్రం కొంచెం కొంచెం మిగిలిపోతుంది. ఒక్కో గుంట ఒక్కో పళ్ళెం, అందులో చిన్న పీతలు, నల్ల జలగల్లాంటివి, నీలం తోక చేపపిల్లలు. రెండోది పడుకున్న చెట్ల రేవు. అడవి ఇసుక దాకా నడిచివచ్చి, అక్కడ అలిసిపోయి పడుకున్నట్టు పెద్ద పెద్ద మానులు ఒడ్డున వాలి ఉంటాయి. వాటి మీద కూర్చుంటే కాళ్ళ కింద అల వచ్చి పోతుంది. మనవరాలు ఒక మానుకి గుర్రం అని పేరు పెట్టి దిగనంది. మూడోది అద్దాల రేవు. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే, నా కథంతా జరిగిందీ అక్కడే. మా ఊరి సముద్రం గోధుమరంగు, గోదారి మట్టి కలిసి. ఇక్కడ నడుము దాకా దిగినా కాలి మెట్టెలు వేసుకునే వేళ్ళు కనిపిస్తాయి. పడవక్కర్లేదు, ఒడ్డునుంచి నడుచుకుంటూ వెళ్తే, ఛాతీ లోతు దగ్గర పగడపు దిబ్బలు మొదలవుతాయి.

మమ్మల్ని నీళ్ళలోకి దించినతను తెలుగువాడే. వాళ్ళ తాత ఎప్పుడో శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చాడట. "ఏటమ్మా, కొబ్బరికాయ తెచ్చీసినారా!" అని నవ్వి, పసుపూ కుంకుమా నీళ్ళలో కలపనివ్వలేదు గానీ కాయ ఒడ్డున కొట్టనిచ్చాడు, తనూ ఒక ముక్క తిన్నాడు. "పోటు వచ్చీసింది, ఇప్పుడు దిగితే బాగుంటాది. కింద రాళ్ళనుకుని కాలు పెట్టీకండి, అవి పేణమున్నవి" అన్నాడు. మా ఇద్దరికీ పొడుగు చొక్కాలు, పైజమాలు, వాటిమీద గాలి నింపిన లైఫ్ జాకెట్లు. మమ్మల్ని చూసి మా అబ్బాయి ఇసుకలో కూలబడి నవ్వాడు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడతను, "అద్దంలో ఓసారి ఉమ్మీసి రుద్దండమ్మా, మసక పట్టదు" అన్నాడు.

మా వదినగారు చెవులు మూసుకున్నారు. "శివశివా! స్నానానికి పోతా ఉమ్ముకోవాల్నా?" అన్నారు. అది ఎలాగో సముద్రపు నీళ్ళతో కడిగి సరిపెట్టాం. తర్వాత అతను గొట్టం ఇచ్చాడు. ఒక కొస నోట్లో పళ్ళతో కరిచిపట్టుకోవాలి, ఇంకో కొస నీళ్ళ పైన ఉంటుంది, అందులోంచి ఊపిరి. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన తొండని పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

"ఇది ఎవురెవురి నోట్లో పెట్టినారో! నేను పెట్టుకోను గాక పెట్టుకోను."

"కడిగీసినామమ్మా, మందు కూడా ఏసీసినాం."

"చింతపండు ఉండాదా?"

"రబ్బరమ్మా అది, ఇత్తడి చెంబు కాదు!"

రాగిచెంబుతో మంచినీళ్ళు పోసి, ఇంకా పోసి, చేతిలో చెంబు ఖాళీ అయ్యేదాకా కడిగి, చివరికి మనవరాలు ఒడ్డునుంచి "అమ్మమ్మా, భయమా?" అని అరిచినందుకు నోట పెట్టుకున్నారు. ఆ పిల్ల ముందు ఓడిపోవడం ఇద్దరికీ ఇష్టం లేదు కదా.

నడుము లోతు, ఛాతీ లోతు, కాళ్ళు తేలిపోయాయి. ఇద్దరమూ చెరో వైపునుంచి ఒక గాలి రింగు పట్టుకున్నాం, అతను దాన్ని లాక్కెళ్తున్నాడు. నేను సముద్రం ఒడ్డు దాన్ని కదా అని ముందు తల ముంచాను. నా గొట్టం ఎక్కడో చిరిగినట్టుంది, ఉప్పునీళ్ళు గొంతు దాకా వచ్చాయి. దగ్గి, కక్కి, తల పైకెత్తి, "నా వల్ల కాదు, ఒడ్డుకి తీసుకుపో బాబూ" అన్నాను. పక్కన వదినగారు మొహం నీళ్ళలో పెట్టి ఉన్నారు. కదలరు. భయమేసి చెయ్యి పట్టుకుని ఊపాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా నొక్కి, తల ఎత్తి, తన నోట్లోంచి గొట్టం లాగి, కడగకుండా, తుడవకుండా, తీసుకొచ్చి నా నోట్లో కుక్కేశారు. "సూడు వదినా, సూడు! పోతాది, బిర్రన సూడు!" అన్నారు. గారు లేదు, అండీ లేదు.

తల ముంచాను. ఏం చెప్పను మీకు! పసుపు చారల చేపలు పెళ్ళికి వెళ్తున్నట్టు గుంపుగా పోతున్నాయి. వెలుగు అలల్లోంచి దిగి ఇసుకమీద వల పరిచింది. ఆకుపచ్చ, గులాబీ కలిసిన చేప ఒకటి, చిలకముక్కు ఉన్నది, పగడం కొరుకుతోంది. కరకర మని చప్పుడు వినిపిస్తోంది, అచ్చం పిల్లలు జంతికలు తిన్నట్టు. చేపని నేను బుట్టలో చూశాను, చట్టిలో చూశాను. తన ఇంట్లో తాను ఉండగా చూడ్డం అదే మొదటిసారి. ఆవిడకీ చూపించాలని తల ఎత్తి గొట్టం తీసి ఇచ్చాను. ఆవిడ అందుకుని చటుక్కున నోట పెట్టుకున్నారు. మళ్ళీ నాకు. మళ్ళీ ఆవిడకి. అతను చూసి, "ఇంకో గొట్టం ఒడ్డున ఉందమ్మా, తెచ్చీస్తాను" అన్నాడు.

"వద్దు నాయనా, దాంట్లో ఎవురి ఎంగిలి ఉండాదో ఏమో. ఇదైతే మా వదినదే" అన్నారు మా వదినగారు.

అన్నాక ఆవిడకే వినబడింది, అన్న మాట. నా వంక చూశారు. అద్దం వెనక ఆవిడ కళ్ళు చేప కళ్ళంత పెద్దవిగా కనిపించాయి. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చి, నీళ్ళు మింగి, ఒకరి జాకెట్ ఒకరం పట్టుకుని కొట్టుకుంటుంటే, మునిగిపోతున్నామనుకుని మా అబ్బాయి పాంటుతో సహా నీళ్ళలోకి దూకాడు.

తిరుగు ఓడలో మనవరాలు మా ఇద్దరి మధ్యా, తల నా ఒళ్ళో, కాళ్ళు ఆవిడ ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది. వదినగారు గొంతు తగ్గించి, "ఆ పొద్దు నువ్వూ విన్న్యావు గదా" అన్నారు. "విన్నాను" అన్నాను. "నీకూ గుబులేనా?" "గుబులే." ఆవిడ పిల్ల కాళ్ళ మీద కొంగు కప్పి, "ఆ గదిలో రెండు మంచాలు పట్టవా ఏమి?" అన్నారు. ఇంటికొచ్చిన మర్నాడు పిల్లలు మాట ఎత్తకముందే ఆవిడే మా అబ్బాయిని పిలిచి, "నాయనా, నీ బల్ల హాల్లోకి జరుపు. మేమిద్దరం ఆ గదిలో పండుకుంటాం" అన్నారు. మా కోడలు ఆవిడ మొహం, నా మొహం చూసి, బల్ల ఒక కొస తనే పట్టుకుంది. రెండు మంచాలూ పట్టాయి. మధ్యలో నడవడానికి పక్కకి తిరగాలి, అంతే. వంటింట్లో గరిటె ఒకటే అయింది. ఉప్పు ఇప్పుడు ఆవిడే చూస్తున్నారు, అరచేతిలో వేసుకునే. గరిటె నోట పెట్టలేదంటారు, నేను చూశానంటాను.

ఆ గొట్టాన్ని వదినగారు మమ్మల్ని నీళ్ళలోకి దించినతన్ని అడిగి అద్దంతో సహా తెచ్చుకున్నారు. అద్దం ఉల్లిపాయలకి, గొట్టం బాల్కనీలో తులసి కుండీ వెనక మనవరాలి ఆటకి. మనవరాలికి నాలుగేళ్ళు నిండాయి, ఆ దీవి దానికి జ్ఞాపకం ఉండకపోవచ్చు. నాన్నమ్మా అమ్మమ్మా ఒక గదిలో రెండు మంచాల మీద కబుర్లు చెప్పుకునేవాళ్ళని మాత్రం జ్ఞాపకం పెట్టుకుంటుంది. గరిటె దగ్గర ఏళ్ళకేళ్ళు ఆగిపోయినవాళ్ళం, ఒక్క గుక్క ఊపిరిలో ఇవతలికి వచ్చేశాం. కాలం గడియారంలోనే నడుస్తుందంటే నేనింక నమ్మను. లేవండి, పులుసు దించే వేళయింది. మీ ఇంటి పులుసు చట్టిలో గరిటె ఎప్పుడూ ఒక్కటే ఉండాలి, దాన్ని అందుకునే చేతులు మాత్రం ఏటికేడు పెరగాలి, చల్లగా ఉండండి.