పూర్తి కాలేదు, మళ్లీ ప్రయత్నిస్తాం

ఉదయగిరిలో మా ఇంట్లో నేను వార్తలు కొట్టే కంప్యూటర్ తెరవగానే, కుడివైపు కింది మూలన ఒక చిన్న డబ్బా పైకి లేస్తుంది. అప్‌డేట్ పూర్తి కాలేదు, మళ్లీ ప్రయత్నిస్తాం అంటుంది. మూసేస్తాను. రెండు పేరాలు రాసేలోగా మళ్లీ లేస్తుంది. ఈగను తోలినట్టు తోలేస్తాను. ఎన్నో ఏళ్లుగా విలేకరిగా పనిచేస్తున్నవాణ్ణి. ఎవరైనా వచ్చి ఒకే మాట పదేపదే చెబుతుంటే అందులో వార్త లేదని తీర్మానించుకోవడం ఈ వృత్తి నేర్పే గుణం. ఆ గుణం మీద నాకు నమ్మకం సడలింది మాత్రం ఆత్మకూరులోని ఒక ఫోటో స్టూడియోలో.

ఆ ఉదయం ఆ డబ్బాను తోలుతూ కూర్చున్న సమయంలోనే సీతారామపురం వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. చేతిలో ఆనాటి పేపరు, జిల్లా పేజీ పైకి వచ్చేలా మడిచి ఉంది.

“నేను చచ్చినానంట సామీ. చూడు.”

చూశాను. కన్నుమూత అని శీర్షిక. కింద పేరు ఆయన అన్నయ్యది, ఊరు వాళ్లదే. ఫోటో మాత్రం నా ఎదురుగా నిలబడ్డ మనిషిది. అన్న మొన్న పోయాడు, నిన్న మట్టి చేశారు. బెంగళూరులో మేస్త్రీ పని చేసే అన్న కొడుకు ఫోన్లో ఉన్న ఫోటో ఒకటి పంపాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ముక్కు, ఒకే తువ్వాలు చుట్టు. ఏడుస్తూ వెతికినవాడు తండ్రి ఫోటో అనుకుని చిన్నాన్నది పంపాడు. నేను డెస్కుకు పంపాను, డెస్కు వేసింది.

సవరణ వేయిస్తానన్నాను. “నేను బతికుండానని రాసే పనిలేదు. రేపు మూడోనాడు, చిన్నదినం. చుట్టాలంతా వస్తారు. మా అన్న బొమ్మ పేపర్లో పడాల” అన్నాడు.

అన్న బొమ్మ ఏదీ అంటే ఆధార్ కార్డు తీశాడు. అందులో ఉన్నది మనిషో మసిగుడ్డో చెప్పడం కష్టం. అయినా ఫోన్తో తీసి పంపాను. నెల్లూరు డెస్కు నుంచి సబ్ ఎడిటర్ వెంటనే ఫోన్ చేశాడు. “అన్నా, ఇది వేస్తే గుర్తు తెలియని శవం అనుకుని పోలీసులు వాళ్లింటికి పోతారు. మంచిది పంపు. ఆరింటికి పేజీ ప్రింటుకు వదిలేస్తా.”

ఇంక మిగిలింది ఈ పెద్దాయన కూతురి పెళ్లి ఫోటోలు. ఆల్బమ్ వానకు తడిసి పేజీకి పేజీ అతుక్కుపోయింది. తీసిన స్టూడియో ఆత్మకూరులో ఉంది. ఫోన్ చేస్తే స్టూడియో ఆయన, “వందల ఫోటోలుండాయి సార్. అందులో ఆయన ఎవురో నాకెట్టా తెలిసేది? పెద్దాయన్ని పిల్చకరాండి, చూపిస్తే క్షణంలో ఇస్తా” అన్నాడు.

బస్టాండులో ఆత్మకూరు బస్సు కోసం నిలబడ్డాం. టీ అంగడి దగ్గర వాళ్ల ఊరివాడొకడు కనిపించాడు.

“ఏం మామా, కాకి తన్నిందా?”

మా వైపు కాకి తలమీద తన్నితే గండమంటారు. మనిషి పోయాడని చుట్టాలకు దొంగ కబురు పంపి, వాళ్లు నాలుగు కన్నీళ్లు కార్చాక నిజం చెబితే ఆ గండం పోయి ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం.

“పేపరోళ్లు నీకు ఖర్చు లేకుండా చేసిపెట్టినారు. ఇంక నూరేళ్లు గట్టి పో!”

పెద్దాయన నవ్వలేదు. “నా ఆయుస్సు ఎవురడిగినార్రా? మా అన్న యాడుండాడు అందులో?”

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడన్న మాటేగాని ప్రతి స్టేజీలోనూ లేచి చూశాడు. మధ్యమధ్య చెప్పాడు. నాయన చిన్నప్పుడే పోతే అన్నే సాకాడు. ఇంటికి ఎవరొచ్చినా మాట్లాడేది తమ్ముడు, అన్న గొర్రెల వెనక పోయేవాడు. పంచాయితీలో పెద్దమనిషి తమ్ముడే, పెళ్లిళ్లలో ముందు వరుస తమ్ముడిదే. “అన్నీ నేనే కూకున్నా. చచ్చినాక గూడా ఆయన పీట మీద నేనే కూకుంటే ఎట్టా సామీ?”

మేము చేరేసరికి మధ్యాహ్నం దాటింది. స్టూడియోలో కంప్యూటర్‌కు ఆయుధపూజనాటి కుంకుమ బొట్టు ఇంకా ఉంది. తెర మీద కుడివైపు కింది మూలన పెంచలకోన నరసింహస్వామి స్టిక్కరు. దేవుడి బొమ్మ ఎవరైనా పైన పెడతారు గదా, కింద మూలన ఏమిటని అడిగాను.

“పొద్దస్తమానం ఆడ డబ్బా లేస్తాది సార్. కళ్లకు చీకాకు. అప్‌డేట్ చేస్తే నా ఆల్బమ్ సాఫ్టువేరు పోతాదని భయం. అందుకని స్వామిని పెట్టినా. ఇంక ఆడ ఏం లేచినా నాకు కనపడదు.”

నాకు నచ్చింది. మా ఇంట్లోనూ ఒకటి అంటించుకోవాలనుకున్నాను కూడా.

పెళ్లి ఫోటోలు తెరిచాడు. పెద్దాయన తెరకు ముక్కు ఆనించి చూస్తున్నాడు. “ఈడ లేడు. ఈడా లేడు. వంటల కాడ చూడబ్బయ్యా, ఆయన అన్నం గుండిగల కాడే ఉంటాడు.” బొమ్మలు ఒక్కొక్కటే జరుగుతున్నాయి. “ఆగు, ఆగు! ఎనక్కి పో” అని ఆయన అరిచేసరికి తెర నీలంగా మారింది.

“కరెంటు పొయ్యిందా?” అన్నాడు స్టూడియో ఆయన. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

అప్‌డేట్ జరుగుతోంది, కంప్యూటర్ ఆపవద్దు అని తెర మీద వచ్చింది. స్వామి వెనకాల నుంచి అది ఎంతసేపు హెచ్చరించిందో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. శాతం అంకె ఒకటి మెల్లగా పెరిగింది. తొంభై దాటింది. మేము కుర్చీల్లోంచి లేచాం. అప్పుడు అంకె పోయి వేరే మాట వచ్చింది. పూర్తి చేయలేకపోయాం, మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం. ఆరిపోయి, వెలిగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

“ముందుకు పొయ్యేది, ఎనక్కొచ్చేది. ఏందబ్బయ్యా ఇది? దీనికన్నా మా ఊరి బస్సు నయం. చెడిపోతే ఆడనే ఆగిపోతాది” అన్నాడు పెద్దాయన.

“ప్లగ్గు పీకేద్దునా సార్?” అని స్టూడియో ఆయన చెయ్యి చాపాడు, తనే వెనక్కి తీసుకున్నాడు. “వద్దులే. ఇందులో ఎన్ని పెండ్లిళ్లుండాయో. అన్నీ పోతే నన్ను ఊర్లో ఉండనీరు.”

పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాడు అద్దంలో తల దువ్వుకుంటూ, “నీ స్వామి నిద్రపోతుండాడన్నా, లేపు” అని ఎగతాళి చేసి పోయాడు. నేను వాకిట్లోకి పోయాను, లోపలికొచ్చాను, మళ్లీ పోయాను. టీ తెప్పిస్తే చల్లారిపోయింది. పెద్దాయన మాత్రం కూర్చోలేదు. తలమీది తువ్వాలు విప్పడం, దులపడం, చుట్టుకోవడం. సబ్ ఎడిటర్ ఫోన్. “అన్నా, ఏమైంది? రాకుంటే ఫోటో లేకుండా సవరణ వేసేస్తా.”

ఫోన్లో మాట పెద్దాయనకు వినపడింది. “ఫోటో లేకుండా వేస్తే ఆయన మళ్లా లేనట్టే గదా” అన్నాడు నా వైపు చూడకుండా.

ఎండ వాలాక మామూలు తెర వచ్చింది. స్టూడియో ఆయన మౌస్ పట్టుకున్నాడు. “ముందు ఆ మూల చూద్దాం” అన్నాను. స్వామిని కదపడానికి అతనికి చెయ్యి రాలేదు. నేనే గోటితో స్టిక్కరు లేపాను. దాని వెనక డబ్బా సిద్ధంగా ఉంది. ఇన్నాళ్లూ తోలిన డబ్బాను ఆ రోజు మొదటిసారి చివరిదాకా చదివాను. డిస్కులో చోటు చాలక అప్‌డేట్ పూర్తి కాలేదట. కాసేపట్లో మళ్లీ మొదలుపెడుతుందట. వద్దనుకుంటే తర్వాత అని నొక్కమంటోంది. నొక్కాం. అంతే.

అన్న వంటల దగ్గర దొరికాడు. ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. గుండిగల దగ్గర నుంచి తమ్ముడు బలవంతంగా లాక్కొచ్చి నిలబెట్టినట్టున్నాడు. నవ్వును దాచుకోవడానికి పెదవులు బిగించాడు. తమ్ముడి చెయ్యి ఆయన మెడ చుట్టూ వచ్చి భుజం మీద ఉంది. తమ్ముణ్ణి పక్కకు కత్తిరిస్తే చెయ్యి మిగిలిపోయింది.

“చెయ్యి తుడిచేస్తా, కొంచెం టైం పడతాది” అన్నాడు స్టూడియో ఆయన.

“ఉండనీ.”

“బతికుండేవోడి చెయ్యి పోయినోడి పటంలో పడగూడదు పెద్దాయనా. మంచిది కాదు.”

“పొద్దన నా మొగమే పడింది గదా నాయనా. చెయ్యి పడితే ఇంక కొత్తగా ఏమవతాది? పంపించు.”

నా ఫోన్లోకి తీసుకుని పంపాను. ఆరు కావడానికి ఇంకా కొద్దిసేపు ఉంది. సబ్ ఎడిటర్ చూసుకుని ఫోన్ చేశాడు. “బాగుండాదన్నా. ఆ భుజమ్మీద చెయ్యి ఎవరిది? కింద రాయాల్నా?”

పెద్దాయనను అడిగాను. ఆయన అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాడు, ఉదయగిరి బస్సు తప్పితే అక్కడి నుంచి ఊరికి పోయేది దొరకదని.

“రాయొద్దు. రేపు చుట్టాలు అడుగుతారు గదా, నేను చెప్పుకుంటా.”