నల్లమల అవతలి వాన

2018 వానాకాలం. అప్పుడు నేను గిద్దలూరు నుంచి నంద్యాలకు తిరిగే బస్సు డ్రైవర్ని. దారంతా నల్లమల. ఘాట్ డ్యూటీ, అంటే కొండదారి డ్యూటీ, అనేవాళ్లం దాన్ని. కొండ ఎక్కడానికి ఏ గేరు వేశామో దిగడానికీ అదే గేరు వెయ్యాలి. బ్రేకును నమ్ముకుంటే అది వేడెక్కి చేతులెత్తేస్తుంది. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఆ మలుపులే గుర్తొస్తుంటాయి. కొండ దాటగానే కిటికీలోంచి కొట్టే తడిమట్టి వాసన కోసం ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

ఆ వాసన కొండకు ఇటు, మా గిద్దలూరు వైపు అరుదు. దిగువమెట్ట దగ్గర అద్దం నిండా దుమ్ము, కొండ మీద మబ్బు, అవతల గాజులపల్లెలో దిగేసరికి వైపర్ వెయ్యాల్సిందే. ఏటా చూసేవాణ్ణి గానీ ఎందుకో తెలిసేది కాదు. నా బండిలో రోజూ వెళ్లే సోషల్ మాస్టారు చెప్పారు. పడమటి నుంచి వచ్చే నీటిగాలి కొండ ఎక్కుతూ చల్లబడి, ఉన్న నీళ్లలో ఎక్కువ భాగం అటువైపే దించేస్తుందట. ఇటు దిగేటప్పుడు వేడెక్కి ఆరిపోతుందట. దీన్ని రెయిన్ షాడో అంటారు, అంటే కొండ చాటున పడి వాన అందని నేల. "ఇంకా ఎత్తు కొండలున్న దేశాల్లో ఎడారులే పుట్టినాయి అన్నా. మన నల్లమల పొట్టిది కాబట్టి కందులన్నా పండుతున్నాయి" అని నవ్వేవారు. ఇక తూర్పు నుంచి వచ్చే సముద్రపు గాలికి వెలిగొండలు అడ్డం. రెండు కొండల మధ్య ఇరుక్కున్నాం మేము.

ఆ ఏడు కందులూ పండేలా లేవు. మా ఊరి ఏసోబు గాజులపల్లె వైపు నాట్ల కూలికి నా బండిలోనే వెళ్లేవాడు. ఒకరోజు బానెట్ మీద, అంటే డ్రైవర్ పక్కనుండే ఇంజన్ మూత మీద, కూర్చుని ఏడ్చాడు.

"మహబూబన్నా, శనివారం మా అమ్మను తవ్వి తీస్తారంట."

వాళ్లమ్మ మరియమ్మ ఎండాకాలంలో పోయింది. క్రైస్తవులు కాబట్టి సమాధి చేశారు. ఆమెకు ఒళ్లంతా బొల్లి మచ్చలు. బొల్లి ఉన్నవాళ్లను మట్టిలో పెడితే వాన రాదని, తవ్వి తీసి కాల్చాలని మా పల్లెల్లో కొందరికి పాత నమ్మకం. ఊరి పెద్ద తిరుపతయ్య మామ సరే అన్నాడట.

"నువ్వేమంటివి?" అన్నాను.

"ఏమంటానన్నా. వద్దంటే రేపు ఊర్లో ఎవరు పనికి పిలుస్తారు? ఊ అంటే మా అమ్మ నన్ను క్షమిస్తాదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. నేనూ ఏదో ఒకరోజు మట్టిలోకి పోవలసినవాణ్ణే. కానీ తిరుపతయ్య మామ దగ్గర కోపం పనిచెయ్యదు. మంచివాడు, ఉత్త మొండి. పైగా ఆయన చేను కళ్లముందే మాడిపోతోంది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, "మామా, రేపు నాతో నంద్యాల దాకా ఊరికే రా" అన్నాను.

"ఏందిరా, ఈ వయసులో నాకు పెండ్లిచూపులా?" అన్నాడు. ఎలాగోలా బతిమాలి ఎక్కించాను.

కొండ ఎక్కేదాకా కందుల ధర మీద ఒకటే గొణుగుడు. పైకి చేరేసరికి మబ్బు బండిని కమ్మేసింది. దిగుతుంటే వాన మొదలైంది. గాజులపల్లె దగ్గర మడుల నిండా నీళ్లు, నాట్లు వేసే ఆడవాళ్ల పాటలు.

అక్కడ టీ బంకు లక్ష్మక్క దగ్గర బండి ఆపాను. ఆపడానికి కారణం ఉంది. ఆమె చేతుల మీద, మెడ మీద బొల్లి మచ్చలు. మామ గ్లాసు అందుకుంటూ ఆ చేతుల వైపే చూశాడు.

"ఈడ వాన ఎప్పుడూ ఇట్లనే పడతాదా అమ్మా?"

"ఏ ఏడైనా ఇంతే పెదనాయనా. మడి మునిగి ఏడ్చినాం గానీ ఎండి ఏడ్చింది తక్కువ."

"ఈ మచ్చలు..."

"మా అమ్మకూ ఉండె. ఆ తోట యెనకాలే మట్టిలో పెట్టినాం. ఏం, అట్ల అడిగినావు?"

మామ గ్లాసు బల్ల మీద పెట్టేసి ఆ తోట వైపు చూశాడు. టీ చల్లారిపోయింది, తాగలేదు.

తిరుగు ప్రయాణంలో మళ్లీ నా పక్కనే కూర్చున్నాడు. కొండ మీద మబ్బు పలచబడింది. దిగుతుంటే ఎండ వచ్చింది. పొడి అద్దం మీద వైపర్ కీచుమంటుంటే ఆపేశాను. మామ వెనక్కి తిరిగి కొండను చాలాసేపు చూశాడు.

"మబ్బు ఆడనే అంతా దించుకొని వట్టిచేతుల్తో వస్తాంది కదరా."

"అవును మామా."

"మరి ఈ కొండను తవ్వుదామా ఏంది?" అని నవ్వాడు. నవ్వుతూనే తలగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. "మరియమ్మ నా చేన్లో ఎంత కలుపు తీసిందో రా. నా బిడ్డకు జొరమొస్తే రాత్రంతా ఒళ్లో ఏసుకొని కూర్చున్న మనిషి. నాకేం పుట్టిందిరా, ఆ మనిషినే తవ్వుతానంటిని."

శనివారం గడ్డపారలతో బయల్దేరినవాళ్లకు ఆయనే అడ్డంపడ్డాడు. ఆ ఏడు మా వైపు చెప్పుకోదగ్గ వాన రానే లేదు. ఆయన చేను పూర్తిగా ఎండిపోయింది. ఊళ్లో మళ్లీ గొణుగుడు మొదలైంది, ముసలాడి మాట విని చెడిపోయామని. కొందరు ఆయన ఇంటి ముందుకే వచ్చి నిలదీశారు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"నా చేనూ ఎండిందిరా. అయినా ఆమె జోలికి పోనియ్యను" అన్నాడు, అరుగు మీంచి లేవకుండానే.

మనిషి మనసు మారడం నేను చాలాసార్లు చూశాను. మారిన మనసు మీద నష్టపోయి కూడా నిలబడటం ఆయన దగ్గరే చూశాను. ఏసోబు తల్లి ఇప్పటికీ పెట్టిన చోటే ఉంది.