పుంగనూరులో ఒక అప్‌గ్రేడ్

2002లో మదనపల్లెలో నాకు కంప్యూటర్లు అసెంబుల్ చేసే అంగడి ఉండేది. పుంగనూరు నుంచి, కుప్పం నుంచి కూడా వచ్చేవారు. ఆ రోజుల్లో జనం ప్రాసెసర్‌ను క్లాక్ స్పీడ్ చూసి కొనేవారు. క్లాక్ స్పీడంటే అది సెకనుకు ఎన్ని అడుగులు వేస్తుందన్న లెక్క. ఒక్కో అడుగులో ఎంత పని జరుగుతుందో ఎవరూ అడిగేవారు కాదు. తొలి పెంటియం 4లలో ఒకటిన్నర గిగాహెర్ట్జ్‌ది కొన్ని గేముల్లో ఒక గిగాహెర్ట్జ్ పెంటియం 3 కన్నా వెనకబడేది. రెండింటినీ పక్కపక్కన నడిపి చూపించి, రుజువు లేనిదే అంకెను కూడా నమ్మొద్దని వాదించేవాణ్ణి.

పుంగనూరు పాల వ్యాపారి గంగులప్ప ఆ పేరు వినే నా దగ్గరకు వచ్చాడు. ఆయన కొడుకు హరికి ఇరవై ఏళ్లు. కండరాలు క్రమంగా చచ్చుబడే జబ్బు. కాళ్లు అప్పటికే పోయాయి. పగలంతా చక్రాల కుర్చీలో కూర్చుని కార్ల రేస్ ఆడేవాడు. కీ నొక్కాక కారు ఆలస్యంగా తిరుగుతోందని, ఆరు వందల మెగాహెర్ట్జ్ పెంటియం 3 పాతబడిపోయిందని అతని ఫిర్యాదు.

“వానికి మిగిలిండేది చేతులొకటేనప్పా. బాగా ఆడేట్టు చేసియ్యి,” అన్నాడు గంగులప్ప.

వాళ్లింటికి వెళ్తే హరి మణికట్టుకు తాయెత్తు కనిపించింది. తాయెత్తుతో జబ్బు తగ్గుతుందనడానికి రుజువేదని గంగులప్పకు అక్కడే పెద్ద ఉపన్యాసమిచ్చాను. ఆయన తల వంచుకుని విన్నాడు.

“నాయనకు క్లాసు అయిపోయింటే నా మిషన్ సూడన్నా,” అన్నాడు హరి.

ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే చాలదు. కొత్తది పాత సాకెట్‌లో, అంటే దాన్ని కూర్చోబెట్టే గూట్లో, పట్టదు. మదర్‌బోర్డు, ర్యామ్ కూడా మార్చాలి. అంత ఖర్చుకు తగ్గ ఫలం ఉండాలని, వేరే అంగట్లో చౌకగా ఇస్తామన్న తొలి పెంటియం 4 వద్దని చెప్పి, దాని తర్వాత వచ్చిన రెండు గిగాహెర్ట్జ్‌ది బిగించాను. నేనే ఒక రేసు ఆడి చూశాను. వేలు కదిలితే కారు కదిలింది.

హరి ఆడాడు. మొదటి మలుపులోనే కారు గోడకు కొట్టుకుంది. రెండో మలుపులోనూ అంతే. నేను కీబోర్డు మార్చినా అదే జరిగింది. నాకన్నా ముందు అతనికే అర్థమైంది. ఆట ఆపి కుడిచేతి వేళ్ల వైపు చాలాసేపు చూసుకున్నాడు.

“మిషన్ బాగుండాదన్నా. ఆలస్యం నాదే.”

గంగులప్ప పాలకు వేళయిందంటూ బయటికి వెళ్లిపోయాడు. ఇంకా ఆ వేళ కాలేదు.

“పాతది మళ్లా పెట్టేదానికి అవుతుందా?” అని అడిగాడు హరి. “దాంట్లో అయితే మిషన్‌ను తిట్టుకుంటా ఆడతాంటిని.”

నిజం తెలిస్తే మనిషికి మేలే జరుగుతుందని ఎన్నో హేతువాద సభల్లో వాదించినవాణ్ణి. ఆ రోజు పాత బోర్డే బిగించాను. బిగించాక, మొదటిసారిగా, దాని మీద నేను ఆడి చూశాను. కారు అక్కడక్కడా తడబడింది గాని, ప్రతి మలుపూ తిరిగింది.

హరి మరుసటి ఎండాకాలం దాకా ఆడాడట. ఆ తర్వాత గేమ్ పెట్టమని అడగలేదని గంగులప్ప చెప్పాడు.

మిషన్ నెమ్మదించిందని ఎవరన్నా ఇప్పుడు నేను ముందు వాళ్ల చేతులు చూస్తాను. పాత మిషన్ మీద ఒక్క రేసు ఆడి ఉంటే ఆ ఇంట్లో తొలి పది నిమిషాల్లోనే నాకు సంగతి తెలిసేది. ఊరందరినీ రుజువు అడిగే నేను హరి చెప్పిన కారణాన్ని మాత్రం అడగకుండానే నమ్మాను. దానికి మందు నా అంగట్లో ఉంది గనక.